బండి నుదుట అక్క పేరు

మా నాన్న ఉప్పు వ్యాపారి. నౌపడ మళ్ళలో ఉప్పు ఎత్తించి చుట్టుపక్కల సంతలన్నిటికీ తోలేవాడు. అక్క పుట్టాకే వ్యాపారం కుదురుకుందని ఆయన నమ్మకం. అందుకే, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన చిన్న పికప్పు వ్యాను ఒకటి విశాఖపట్నం నుంచి కొనుక్కొచ్చినప్పుడు, పెయింటర్ని పిలిపించి ముందు అద్దానికి పైన, సరిగ్గా బండి నుదుట, అక్క పేరు ఎర్రటి అక్షరాలతో రాయించాడు. అప్పటికి నేను పుట్టకపోలేదు. ఇల్లంతా పాకుతున్నాను. పక్కన నా పేరు పట్టేంత చోటు కూడా ఉంది.

ఊహ తెలిశాక నేను ఏడ్చినప్పుడల్లా నాన్న, "వచ్చే బండికి నీ పేరేలే" అనేవాడు. ఆ వచ్చే బండి ఏళ్ళు గడిచినా రాలేదు.

సంతలో ఎవరూ ఉప్పు బండి వచ్చిందనేవారు కాదు. అక్క పేరు చెప్పి, ఆ బండి వచ్చిందనేవారు. అక్క రంగు, అక్క జడ దేవుడిచ్చినవి. వాటితో ఎలాగో సరిపెట్టుకున్నాను. బండి మీద పేరు దేవుడిచ్చింది కాదు, మా నాన్న ఇచ్చింది. అందుకే దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఉప్పు ఇనుమును బతకనివ్వదు. గోనెల్లోంచి కారిన నీటికి బండి అడుగు రేకు జల్లెడ అయిపోతే నాన్న చెక్కలు కొట్టించాడు. ఒక తలుపు తాడుతో కట్టుకోవలసి వచ్చేది. ఆ తుప్పు పైకి పాకి ఎప్పుడు పేరు దాకా వస్తుందా అని నేను కనిపెట్టుకుని ఉండేదాన్ని. రాలేదు. తుప్పు కూడా అక్క పక్షమే.

అక్కకు పెళ్ళయింది. బావది కొత్తవలసలో రైల్వే ఉద్యోగం. పెంకుల క్వార్టరు, ఇంటి ముందే కుళాయి. అక్క అక్కడికి వెళ్ళిపోయినా పేరు మాత్రం మా గుమ్మం ముందే ఉండిపోయింది.

మాకు దగ్గర్లో ఒక ధర్మాసుపత్రి ఉండేది. అక్కడ పురుళ్ళు పోసే నర్సమ్మ పల్లెలకు రావాలంటే ఎడ్లబండే దిక్కు. ఒకసారి ఆవిడ మా వీధికి వచ్చేసరికే పురిట్లో బిడ్డ పోయింది. నాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నాకు సందు దొరికింది.

"నాన్నా, ఈ బండి ఆసుపత్రికి ఇచ్చీ. పున్నెం వస్తాది" అన్నాను.

"ఇంకా నడస్తన్నాది కదే."

"నడిసినప్పుడే ఇవ్వాల. సచ్చిపోయినాక ఇస్తే అది దానమేటి?"

నాన్న ఆ మాటకు పడిపోయాడు. ఇంజను బాగు చేయించి, కొత్త చెక్కలు వేయించి, బండికి బంతిపూల దండ కట్టి ఇచ్చేశాడు. ఆసుపత్రి వాళ్ళు దానికంతా తెల్ల రంగు వేయిస్తామన్నారు. దిష్టి తీసి సాగనంపింది నేనే. అంత సంతోషంగా నేను ఎవరికీ హారతి ఇవ్వలేదు.

ఆ ఏడే నాన్న లారీ కొన్నాడు. మాట తప్పకుండా నా పేరే రాయించాడు, చుట్టూ పువ్వులతో సహా. ఏం లాభం? ఆ లారీ నౌపడలో ఉప్పెత్తుకుని రాయపూర్ పోయేది, ధాన్యంతో తిరిగొచ్చి మళ్ళీ అటే పోయేది. రాయపూర్‌లో నా పేరు చదివేదెవరు?

తెల్లబండి మాత్రం మా పల్లెలన్నీ తిరగసాగింది. నుదుట అక్క పేరు అలాగే ఉంది. పేరు చెరిపితే బండి పగబడుతుందని పెయింటరు దాని జోలికి పోలేదట. పోకపోతే పోయాడు, పైన కొత్త ఎరుపు కూడా దిద్దాడు. ఆడవాళ్ళు ఆ పేరుకు పసుపు రాసి బొట్టు పెట్టేవారు. దారిలో, బండిలోనే పుట్టిన ఒక పిల్లకు ఆ పేరే పెట్టారు. తర్వాత అందులో ఆసుపత్రి దాకా వెళ్ళి పుట్టిన ఆడపిల్లలకూ అదే పేరు. భావనపాడులో చేపలమ్మే ఆవిడ మా ఇంటికొచ్చి, మనవరాలి పేరు చెప్పి మురిసిపోయింది. నేను ఆరోజు చేపలు కొనలేదు.

ఈ లోగా నాకూ పెళ్ళయింది, నెలలు నిండాయి. ఎడ్లబండి మీదే ఆసుపత్రికి పోతానని ముందే చెప్పాను. నొప్పులు వచ్చి, బిడ్డ అడ్డం తిరిగిందన్నాక నా మాట ఎవరు వింటారు? ఆ తెల్లబండే వచ్చింది. వెనక చెక్కల మీద పడుకుని, అరుపుల మధ్య దాన్ని తిట్టుకుంటూనే వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు అక్క కొత్తవలస నుంచి రైలెక్కి ఆసుపత్రికి వచ్చింది. మా అత్త పిల్లను చూపించి, "ఆ బండి నేకపోతే తల్లీ పిల్లా దక్కీవోరా? నీ పేరే ఎట్టీద్దుమమ్మా" అంది.

నేను వద్దని నోరు తెరిచేలోగా అక్కే అంది. "వొద్దత్తా. నా పేరెట్టుకున్న పిల్ల ఊరికొకర్తి ఉన్నాది. నన్ను అమ్మా అన్నది ఒక్కర్తీ నేదు. దీనికి వేరే పేరెట్టండి."

అక్కకు పెళ్ళయి ఏళ్ళు దాటినా కడుపు పండలేదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అక్క నోట వినడం అదే మొదలు.

తను కంటతడి పెట్టలేదు. నా పక్కనుంచి పిల్లను తీసి ఒళ్ళో వేసుకుని, ఎర్రటి అరికాళ్ళు ముక్కుకు ఆనించుకుంది. అక్కకు లేనిది ఒక్కటైనా నాకుండాలని ఊహ తెలిసినప్పటి నుంచీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఇన్నాళ్ళకు అది దొరికింది. పిల్ల ఆకలికి ఏడుపు లంకించుకుంది. నాకు పాలు చేపుకొస్తున్నాయి. అయినా పిల్లను ఇటివ్వమని అక్కను అడగలేకపోయాను.