మా నీల్ వదులుకున్న పాస్‌పోర్ట్

మా చిన్నతనంలో శనివారం పొద్దున్న అంటే అమెరికాలోని మా ఊరు కమ్మింగ్‌లో సాకర్ గ్రౌండే... మంచుకి తడిసిన గడ్డి, మడతకుర్చీలో మా పద్మ పిన్ని, ఆవిడ ఒళ్ళో పెరుగన్నం క్యారేజీ. మైదానంలో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు నీల్.

ఆట మొదలయ్యే ముందు, వాడు సాక్స్ వేసుకోకుండా ఆపి, పిన్ని భరిణె తీసి అరికాలికి కాటుక చుక్క పెట్టేది. బాబాయి జార్జియాలోనే పుట్టి పెరిగిన అమెరికన్. మిగతా తల్లులు చూస్తున్నారని ఆయన తెగ సిగ్గుపడేవాడు. పిన్ని పట్టించుకునేది కాదు.

హాఫ్‌టైమ్‌లో నీల్ తినడానికి మారాం చేస్తే పిన్ని దగ్గర ఒకటే మంత్రం... "తిను నాన్నా, పెద్దయ్యాక ఇండియాకి ఆడాలి కదా."

చందమామని చూపించినట్టే, అది ముద్ద దిగడానికి చెప్పే మాట. ఆవిడా నమ్మలేదు, మేమూ నమ్మలేదు. వాడు నమ్మాడు.

కాలేజీలో బాగా ఆడాడు. ఇండియా నుంచి ఒక క్లబ్ పిలిచింది. అక్కడి జాతీయ జట్టుకి ఆడాలంటే మాత్రం అమెరికా పౌరసత్వం వదులుకోవాలి, రెండూ ఉంచుకోవడం కుదరదు. బాబాయి వద్దని మొత్తుకున్నాడు. ఆ పాస్‌పోర్ట్ కోసం ఒకప్పుడు తనే ఏళ్ళ తరబడి కాసుకు కూర్చున్న పిన్ని మాత్రం ఆ సాయంత్రమంతా తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ ఉండిపోయింది.

నీల్ వెళ్ళాడు. ఏడాదికి పైగా అక్కడ ఉండి ఇండియన్ అయ్యాడు. మొదటి మ్యాచ్ రోజు జాతీయగీతం వస్తుంటే పిన్ని టీవీ ముందు లేచి నిలబడింది. సంతోషంతో ఏడుస్తుందనుకున్నాను. "ముద్ద దిగడానికి అన్న మాటే నిజమైపోయింది... వాణ్ణి అలా చూస్తుంటే భయమేస్తోందే" అంది.

కొద్ది మ్యాచ్‌లకే మోకాలు పోయింది. ఆపరేషన్ చేసినా మునుపటి ఆట తిరిగి రాలేదు. జట్టు వేరేవాళ్ళని చూసుకుంది. ఇక ఇంటికి వచ్చేస్తానన్నాడు... ఇంటికి రావడానికి వాడికిప్పుడు విజిటర్ వీసా కావాలి. అమ్మానాన్నలు గ్రీన్‌కార్డ్‌కి వేసినా అది రావడానికి ఏళ్ళు పడుతుంది.

అక్కడి అమెరికన్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ముందు అందరం ఫోన్లో నూరిపోశాం. ఇండియాలో ఫ్లాట్ ఉందని, కోచింగ్ జాబ్ వస్తోందని, రెండు వారాల్లో తిరిగి వెళ్ళిపోతానని చెప్పమన్నాం. తీరా కౌంటర్ దగ్గర నీ ఇల్లెక్కడ అని అడిగితే, వాడు కమ్మింగ్ అన్నాడట. అయితే ఇక తిరిగి రాడని వీసా ఇవ్వలేదు. రెండోసారి వెళ్ళినా అదే అడిగారు, వాడూ అదే చెప్పాడు.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. "ఇల్లెక్కడంటే ఇంకేం చెప్తాడే... పుట్టిన ఇల్లు చెప్పాడు. అబద్ధం చెప్పడం నేను వాడికి నేర్పలేదు."

ఫోన్ పెట్టేసే ముందు మెల్లగా, "నేర్పాల్సింది" అంది.

ఒకప్పుడు ఇంటికి వెళ్ళాలంటే తలుపు తోసుకుని వెళ్ళిపోయేవాళ్ళం... ఇప్పుడు ఎవరినో అడిగి, వాళ్ళని నమ్మించి వెళ్ళాల్సిన రోజులొచ్చాయి. మీ ఇళ్ళలోనూ ఇలా గుమ్మం అవతలే ఆగిపోయినవాళ్ళుంటే కింద రాయండి. పిన్నికి చదివి వినిపిస్తాను...