గురిగింజ బరువు

రెండేళ్ల కిందటి మాట. సికింద్రాబాద్ నుంచి అల్వాల్ వెళ్లే బస్సు తిరుమలగిరి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి అరగంటైంది. నేను ఫోన్‌లో ఒక మిత్రుడికి నా గోడు వెళ్లబోసుకుంటున్నాను. నా వ్యాసంలో ఒక పద్యానికి అర్థం తప్పు రాశానని, మా కాలేజీలో తోటి తెలుగు లెక్చరర్ అందరి ముందూ అన్నాడు.

"ఆయన రాతల్లో మాత్రం ఎన్ని తప్పులో. గురివింద గింజ తన నలుపు తానెరగదట" అని ఫోన్ పెట్టేశాను.

పక్క సీట్లో ఒక పెద్దాయన, నగల పనివాళ్లు కంటికి బిగించుకునే భూతద్దంతో పాత సంస్కృత వ్యాకరణం చదువుకుంటున్నాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"యాభై ఏండ్లు నగలు చేసిన సార్. మా నాయిన గురిగింజలతోనే బంగారం తూచేటోడు. సంస్కృతంల దాన్ని గుంజ అంటరు, తూకానికి సుత అదే పేరు. దాని నలుపు మేమెన్నడు చూడలే. బరువే చూసినం."

"అయితే?" అన్నాను విసుగ్గా.

"ఆయన చెప్పిన తప్పు, తప్పేనా కాదా?"

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. లోతుకుంటలో ఆయన పుస్తకం సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.

మర్నాడు వ్యాసం దిద్దుకున్నాను. ఆ లెక్చరర్ మీద కోపం మాత్రం పోలేదు. తిట్టుకుందామంటే ఆ సామెత నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇన్నేళ్లు తెలుగు చెప్పినవాణ్ని, దాని బదులు ఇంకో సామెత నాకింకా దొరకలేదు.