ముడి గుంజి చూసే మనిషి

మొన్న మంగళవారం పొద్దున జగిత్యాల ఆసుపత్రిలో మా బావమరిది పోయాడు. మరునాటి పేపర్లో ఆయన ఫోటో కింద ‘ఉద్యమకారుడు’ అని వేశారు. అలా వేయించినవాళ్లే ఒకప్పుడు ఆయనను కోరుట్ల దీక్షా శిబిరం నుంచి లేపి పంపారు. ఈ వయసులో కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. కానీ ఎందుకు పంపారో ఎవరో ఒకరు రాయాలి.

మా ఇళ్లలో తండ్రుల దాకా అందరూ తాళ్లెక్కి కల్లు గీసినవాళ్లే. ఆయన బడిలో డ్రిల్లు సారు అయ్యాడు. అయినా ఎవరు చెట్టెక్కబోయినా, నడుముకు బిగించిన మోకును ఒకసారి గుంజి చూసేవాడు. బస్సు మీద కట్టిన మూటలనూ వదిలేవాడు కాదు. నేను నవ్వితే, “నవ్వు బావా, నాదేం పోయింది” అనేవాడు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నప్పుడు, చేపల గురించి చదివిన నా బిడ్డకు సముద్రం అడుగున పరిశోధన చేసే ఉద్యోగం దొరికింది. ముందు స్కూబా డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తేవాలన్నారు. శిబిరంలోని పెద్దమనిషి ఒకడు గోవాలో ఒక చోటు చెప్పాడు. నేర్పేవాడు మనవాడేనట. విశాఖలో ఇంకొకటుందని బిడ్డ అంది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ రెండుచోట్లా ఒకటే. నేను తెప్పించుకుని చదివిన కాగితాల నిండా ఆ సంస్థ గొప్పే ఉంది. నీళ్లలో పక్కనుండే మనిషి గురించి ఒక్క ముక్క లేదు.

సమ్మెతో బళ్లు మూతపడ్డాయి కనుక బావమరిది రెండూ చూసి వచ్చాడు. గోవాలో మనవాడు జై తెలంగాణ అని చాయ్ తాగించి, నేర్చుకునేవాళ్లను గుంపుగా దింపి, తాను పడవలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడట. విశాఖాయన మీకు వేరే రాష్ట్రం ఎందుకని వాదం పెట్టుకున్నాడు. ఇద్దరూ గట్టిగానే కొట్లాడుకున్నారు. ఆ తర్వాత విశాఖాయన నేర్చుకునేవాళ్లలో ఒక్కొక్కరి సిలిండర్ పట్టీ గుంజి చూశాడు, తన పట్టీ వాళ్లచేత గుంజించుకుని వాళ్లతోనే నీళ్లలోకి దిగాడు. జలుబుతో వచ్చిన ఒకతను ఎంత బతిమాలినా, లోతులో చెవులు దెబ్బతింటాయని దిగనివ్వలేదు.

శిబిరంలో ఈ సంగతి తెలిసి పెద్దమనిషి అందరి ముందూ నిలదీశాడు. “పొద్దంత ఈడ కూసుంటివి. మనోన్ని కాదని పిల్లను ఆంధ్రోని చేతిల వెడ్తవా?”

“తెలంగాణ నాకూ గావాలె. గని నీళ్లల్లకు పోయేది నా మేనకోడలు” అన్నాడు మా బావమరిది. “గట్టు మీద నాతోని ఎంతన్న కొట్లాడనీ. లోపల పిల్ల పక్కపొంటి ఉండెటోడు గావాలె.”

మరునాటి నుంచి శిబిరంలో ఆయనకు చోటు లేదు. బిడ్డ విశాఖలోనే నేర్చుకుంది. రాష్ట్రం వచ్చింది, పెద్దమనిషికి పదవి వచ్చింది, ఈయన డ్రిల్లు సారుగానే రిటైరయ్యాడు. నేను ఆ మాట ఎత్తితే, “ఇడిసిపెట్టు బావా. పిల్ల మంచిగ పైకి అచ్చిందా లేదా” అని ఊరుకునేవాడు.

అంత్యక్రియలకు పెద్దమనిషి పెద్ద దండతో వచ్చాడు. చాలాసేపు మాట్లాడాడు. పాడె ఎత్తడానికి నలుగురు వంగితే నా బిడ్డ ఆగమంది. ఒక్కొక్క ముడినీ చేత్తో గుంజుతూ పాడె చుట్టూ తిరిగింది. కాళ్ల దగ్గర ఒక ముడిని విప్పి మళ్లీ బిగించింది. అంతసేపూ పెద్దమనిషితో సహా అందరం నిలబడే ఉన్నాం.