కిటికీకి ఆనించిన గ్రాఫులు

నరసరావుపేటలో మేము చదివిన కాలేజీ ల్యాబ్ మేడమ్‌కి ఒక అలవాటుండేది. కంప్యూటర్ తెర మీద కనిపించిన గ్రాఫును ఆవిడ అంత తేలిగ్గా నమ్మేవారు కాదు. పాతదీ కొత్తదీ ప్రింటు తీయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూసేవారు.

గురజాల వైపు బోర్లలో నీటిమట్టాన్ని ఒక ఏడాది పాటు ప్రతి నెలా ఐదో తారీఖున కొలిచిన లెక్కలు మా దగ్గరుండేవి. వాటిని గ్రాఫుగా గీయడానికి సీనియర్లు రాసిన పైథాన్ ప్రోగ్రాం, అది వాడుకునే రెడీమేడ్ కోడ్ లైబ్రరీల కొత్త వెర్షన్లు రాగానే మొరాయించింది. మిరప వేయబోయే రైతులకు ఆ గ్రాఫు చూపించి, ఏ నెల దాకా నీళ్లుంటాయో చెప్పాలి. ఎర్రర్ చూపించిన ముక్కనల్లా తీసేసి, ఎలాగో నడిపించాం.

"వచ్చేసింది మేడమ్. గీత మీద గీత కూర్చుంది," అన్నాను కిటికీ దగ్గర, సీనియర్లు తీసిన పాత ప్రింటు మీద మాది పెట్టి.

ఆవిడ వేలు గీతను వదిలి, కింద నెలల పేర్ల మీదికి జారింది.

"నడిచిందిలే. మరి ఇదేంది? మన గురజాలలో ఏడాదంతా మే నెలేనా?"

మేము తీసేసిన వాటిలో, రోజు ముందు, నెల తర్వాత అని చెప్పే ముక్క కూడా ఉంది. అది లేకపోయేసరికి కంప్యూటర్ 05-08ని మే ఎనిమిది అని చదివింది; ఐదో తారీఖులన్నీ ఐదో నెలైపోయాయి.

ఆవిడ తిట్టలేదు. "చానా నయం, రైతుల దగ్గరికి పోకముందే దొరికింది. ఆ ముక్కను కొత్త పద్ధతిలో రాయండి," అన్నారు.

రాశాం. ఈసారి కాగితాలు మా చేతికిచ్చి, తను పక్కకు జరిగారు. నీళ్లు వానాకాలంలోనే పెరిగాయి.

ఇప్పటికీ ఏ ఆఫీసులో చేరినా ముందు కిటికీ పక్క సీటు అడుగుతాను.