చీర మడతల్లో చైనా రేవు

చైనావాళ్ళు వేరే దేశాల్లో కట్టిస్తున్న రోడ్లు, రేవుల గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా డైరీలో రెండు వాక్యాలు రాసుకోవడం నా అలవాటు. రాసుకున్నాక ఆ పేపర్లను పెనుకొండ నుంచి బస్సులో ధర్మవరానికి పంపేవాణ్ణి. అక్కడ మా బావది పట్టుచీరల కొట్టు. మడత నలగకుండా ప్రతి చీర లోపలా ఒక పేపరు పెట్టేవాడు. పేపరు మడిచిన చీరకంటే పొడుగుంటే పైభాగం, అంటే తారీఖున్న భాగమే, కత్తిరించేవాడు. తారీఖు పోతే ఏది ముందో ఏది వెనకో ఎట్లా తెలుస్తుందని చూసినప్పుడల్లా గొణిగేవాణ్ణి.

మొన్న వేసవిలో నేను కొట్లో ఉండగా హిందూపురం నూనె వ్యాపారి ఒకాయన, తల్లిని వెంటబెట్టుకుని కూతురి పెళ్ళిచీరలకు వచ్చాడు. ఆ బేరం తెగకపోతే మగ్గాలు ఆపేయాల్సిందేనని బావ అప్పటికే నేతగాళ్ళకు చెప్పి ఉన్నాడు.

బావ దొంతరలో పై చీర విప్పాడు. వ్యాపారి కళ్ళు చీర వదిలి పేపరు మీద పడ్డాయి. 'అప్పుల ఊబిలో దేశం, ఓడలు రాని చైనా రేవు' అని పెద్దక్షరాల్లో ఉంది.

"ఏమప్పా! పెళ్ళిచీర విప్పుతానే అప్పులంటాండాది. శకునం బాగలేదు. పామ్మా పోదాం" అని లేచాడు.

"ఉండన్నా, ఇంకోటి చూడు" అని బావ దాని కింది చీర లాగాడు. అందులో రేవు లాభనష్టాల మీద అనుమానాలు.

"ఇది రవంత మేలు" అంటూ వ్యాపారి సగం కూర్చున్నాడు.

మూడోదాంట్లో పనులు జోరుగా సాగుతున్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్నదాంట్లో శంకుస్థాపన, డప్పులు, పూలదండలు, పేదదేశానికి బంగారు భవిష్యత్తు.

"అబ్బబ్బా! నాలుగు చీరల్లో ఆ దేశం యాడికి పోయిందో చూస్తిరా!" అని వ్యాపారి బాసింపట్టు వేసుకుని కుదురుగా కూర్చున్నాడు.

పాత చీరలు అడుగున, కొత్తవి పైన ఉండటంతో కథ వెనక్కి నడిచింది. అదే పేపరు, అదే రేవు. బంగారు భవిష్యత్తు కొన్నేళ్ళలో ఊబిగా మారింది. వరస తప్పితే నాకు అన్నం సహించదు. నోరు తెరవబోయాను. బావ నా తొడ గిల్లాడు.

వ్యాపారి నన్నే అడిగాడు. "అన్నా, నువ్వు చదువుకున్నోని మాదిరి ఉండావు. ఇది నిజమేనా?"

బావ వేళ్ళు మళ్ళీ నా తొడ మీదికి వచ్చాయి.

"అచ్చులో వచ్చిన మాటేనప్పా. నేనే చదివినా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

వ్యాపారి అడుగు చీర పెళ్ళికూతురికి, మరో రెండు చుట్టాలకు తీశాడు. బావ పక్కకు వెళ్ళి, మగ్గాలు ఆపొద్దని నేతగాళ్ళకు ఫోన్ చేసి వచ్చాడు.

అంతలో వ్యాపారి తల్లి మొదట విప్పిన చీర ఒళ్ళోకి లాక్కుంది. "నాకు ఇది కావాల."

"అమ్మా, అది అప్పుల చీర!"

"అప్పు ఆ దేశానిదిరా. రంగు బాగుండాది."

బావ గబగబా అందులోని పేపరు లాగబోయాడు. ఆమె ఆయన చేతి మీద ఒక్కటి వేసింది.

"ఉండనీప్పా, మడత నలుగుతాది."