పెద్దమ్మ విసిరిన దారపుండ

నా చిన్నప్పుడు మా వీధిలో ఆడపిల్లను మెచ్చుకోవాలంటే "కూర్చుంటే కదలదండీ" అనేవారు. నరసాపురం పక్కన మాది చేపలు పట్టేవాళ్ల వీధి. మగవాళ్లు వేటకు వెళితే ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని పొద్దు వాలేదాకా లేసు అల్లేవారు. ఒళ్లో దారపుండ, చేతిలో సూది, వంచిన మెడ. ఆ మెడ ఎత్తిందా, పిల్లకు ఒళ్లు వంగదనే పేరు వచ్చేసేది.

అమ్మ పోయాక నాన్న నన్ను మా పెద్దమ్మ ఇంట్లో దింపి పడవెక్కాడు. పెద్దమ్మకు ఒక్కతే కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్ద. ఆ అక్కకు అన్నమూ నీళ్లూ కూర్చున్న చోటికే వచ్చేవి. "నువ్వు లెగకమ్మా, నే తెత్తాను" అనేది పెద్దమ్మ. నన్ను మాత్రం నాలుగో తరగతి మధ్యలో బడి మాన్పించి లేసుకు కూర్చోబెట్టింది.

బడికి వెళతానని నేను రోజూ ఏడ్చేదాన్ని. ఒక శనివారం పొద్దున ఆమె నా ఒళ్లో కొత్త దారపుండ పడేసి, "దీపాలెట్టే యేళకి పన్నెండు పువ్వులు అల్లెయ్. సోమారం బళ్లోకి ఎల్దువుగాని" అంది. పంపే ఉద్దేశం ఆమెకు లేదని నాకేం తెలుసు! సూది పట్టుకుని తల వంచాను.

మూడో పువ్వు సగంలో ఉండగా వచ్చి నా ఒళ్లోంచి ఉండ తీసి పెరట్లోకి విసిరింది. "ఎల్లి తెచ్చుకో. కాళ్లున్నాయిగా!" అంది. పరుగెత్తి తెచ్చుకుని కూర్చున్నాను. కాసేపటికి మళ్లీ విసిరింది. ఒకసారి నూతి గట్టు దాటింది, ఒకసారి కోళ్ల గూడు కిందికి పోయింది. నేను వంగి వెతుక్కుంటుంటే ఇరుగుపొరుగు అరుగుల మీద నవ్వులు. అక్క కూడా నవ్వింది, కూర్చున్న చోటు నుంచి కదలకుండానే. దారం చుట్టుకుంటూ నిలబడితే నడుము కటుక్కుమనేది. మట్టి చేతులు కడుక్కోవడానికి గోలెం దగ్గరికి వెళ్లి గుక్కెడు నీళ్లు తాగి, కాలవ గట్టు వైపు ఒక్క క్షణం చూసి, ఏడుస్తూ వచ్చి కూర్చునేదాన్ని.

దీపాలు పెట్టేసరికి పదకొండు పువ్వులయ్యాయి. పన్నెండోది సగంలో ఉంది. పెద్దమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, దారం కొస పట్టి ఒక్క లాగు లాగింది. సగం పువ్వూ నా కళ్ల ముందే ఊడి దారమైపోయింది. "కుదురుగా కూకోలేనిదానివి, బళ్లో ఏం కూకుంటావే?" అంది.

మరుసటి ఏడు నాన్న వచ్చి నన్ను కాకినాడ హాస్టల్లో చేర్చాడు. చదువుకున్నాను. అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. ముందు ఫైళ్లు, తర్వాత కంప్యూటరు, మొత్తం ముప్పై ఏళ్లు కుర్చీలోనే. కానీ గంట గడిచేసరికి ఎవరో నా ఉండ విసిరేసినట్టుండేది. లేచి వరండా చివరిదాకా నడిచి, గ్లాసుడు నీళ్లు తాగి, దూరంగా చెట్లకేసి చూసి వచ్చేదాన్ని. "మేడమ్ గారికి కాలు నిలవదండీ" అని తోటి గుమాస్తాలు ఏడిపించేవారు. వాళ్లలో సగం మంది మెడలకు పట్టీలతో రిటైరయ్యారు.

నేను రిటైరయ్యాక నరసాపురం రైలెక్కాను. అదే అరుగు మీద, అదే చోట అక్క కూర్చుని ఉంది. ఎవరైనా పట్టుకుంటే గాని లేవలేదట. బరువు, షుగరు, ఏళ్ల తరబడి కదలకుండా కూర్చోవడం, అన్నీ కలిసి అలా చేశాయని డాక్టరు గారు చెప్పారట. ఎనభై దాటిన పెద్దమ్మ లోపలి నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి కూతురి చేతికి అందించింది. ఆమె చేయి వణికి సగం నీళ్లు ఒలికాయి.

నేను మెట్లు చకచకా ఎక్కి రావడం చూస్తూ నిలబడింది పెద్దమ్మ. "నీ ఉండ అన్నిసార్లు ఇసిరేనే! దానిది ఒక్కసారన్నా ఇసరలేకపోయేను" అంది.

అబద్ధం ఎందుకు, నాకు సంతోషం వేసింది. యాభై ఏళ్లు దాచుకున్న సంతోషం. తర్వాత అక్క మొహం చూశాను, సిగ్గేసింది.

అక్క ఒళ్లోంచి దారపుండ తీసి అరుగు చివర పెట్టాను. ఆమె చంకల కింద చేతులు వేసి లేపాను. నొప్పికి కేక పెట్టింది. పెద్దమ్మ ఉండ అందివ్వబోయింది. "నువ్వు తేవద్దు పెద్దమ్మా, అక్కకీ కాళ్లున్నాయి" అన్నాను. ఎంత కటువుగా అన్నానో నాకే వినిపించింది. అక్క ఏడుస్తూ, నన్ను తిడుతూ, నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసింది.

ఇప్పుడు ఉదయం, సాయంత్రం ఫోన్ చేసి లేచావా అని అడుగుతాను. తిడుతూనే లేస్తోంది. నేను కూడా కుర్చీలో ఎక్కువసేపు ఉండలేను. పెద్దమ్మను మాత్రం ఇంకా క్షమించలేదు.