కారు చౌక్ ఎక్కడానికి కారణం బావ కాదు

ఆ రోజుల్లో మా భిలాయి కుర్రాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉండేది. ఉక్కు ఊళ్ళో పుట్టాం కాబట్టి ఉక్కు సంగతులన్నీ మాకు పుట్టుకతోనే వచ్చేశాయని. చేపపిల్లకి ఈత నేర్పాలా అని అడిగేవాళ్ళం. (చేపపిల్ల కనీసం నీళ్ళలో ఉంటుంది. మేము ప్లాంటు గేటు దాటి లోపలికి వెళ్ళింది ఏడాదికోసారి, విశ్వకర్మ పూజనాడు, అదీ ప్రసాదం కోసం.) మా క్వార్టర్లలో బట్టలారేసే స్టాండు నుంచి తులసికోట చుట్టూ కంచె దాకా అన్నీ ఇనప ముక్కలు కోసి అతికించినవే. ఏ వస్తువుకైనా మాకు తెలిసిన వైద్యాలు రెండే. పొడుగైతే కొయ్యడం, పొట్టయితే అతకడం. ఆ వైద్యాన్ని నేను మా నాన్న కారు మీద ప్రయోగించాను. దాని ఫలితాన్ని ఇరవై ఏళ్ళ పైచిలుకు మా అక్క మొగుడు మోశాడు. ఆయన తరఫున ఇప్పటికైనా నాలుగు ముక్కలు రాయకపోతే నేను మనిషినే కాదు.

మా నాన్న రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. శ్రీకాకుళం నుంచి రేకు పెట్టెతో వచ్చి, సెక్టర్ సిక్స్ నుంచి ప్లాంటుకి ఏళ్ళ తరబడి సైకిలు తొక్కి, ఆఖరికి ఒక చిన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. దాన్ని ఆదివారం ఆదివారం ఆయనే కడిగేవాడు. నాకు మాత్రం ఆ కారుని చూస్తే చిన్నతనంగా ఉండేది. మలుపులో పక్కకి ఒరుగుతుందని నా ఫిర్యాదు. ఇక్కడో సంగతి చెప్పాలి. భిలాయి టౌన్‌షిప్ స్కేలు పెట్టి గీసిన ఊరు. రోడ్లన్నీ తిన్నగా ఉంటాయి, వంద అడుగులకో స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. మలుపంటే నాలుగు రోడ్లు కలిసే చౌకే, దాని మధ్యలో గుండ్రంగా ఒక పూలతోట. అలాంటి ఊళ్ళో ఉంటూ, మలుపుల్లో కారు పులిలా తిరగాలని కలలు కన్న మహానుభావుణ్ణి నేను.

నా కలకి గురువు ఒకడు దొరికాడు. వాణ్ణి అందరం సైంటిస్ట్ అనేవాళ్ళం, ఎందుకంటే వాడు ముట్టుకున్న రేడియో మళ్ళీ పలికేది కాదు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, కారు నేలకి ఎంత దగ్గరగా ఉంటే మలుపులో అంత నిలకడగా ఉంటుందని ఎక్కడో చదివాడు. (సగమే చదివాడు. అప్పుడే కరెంటు పోయింది. ఆ మిగతా సగంలో, అందుకు తగ్గ స్ప్రింగులు, వాటికి జోడైన షాక్ అబ్సార్బర్లు వెయ్యాలనీ, ఉన్నవాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ కొయ్యకూడదనీ ఉందట. అది తరవాత తెలిసింది.)

"అరే యార్, ఎనక స్ప్రింగులు కాసింత కోసీస్తే సరి. బండి రోడ్డుకి ఫెవికాల్ ఎట్టినట్టు అతుక్కుపోద్ది."

"ఏటీ అవ్వదు కదా?"

"ఏటవుద్దిరా? స్టీలే కదా! మనకి స్టీల్ గురించి ఎవడు చెప్పాలి?"

ఈ వాదన నాకు తిరుగులేనిదిగా తోచింది. అమ్మానాన్నలు అక్క పెళ్ళి పిలుపులకి రాయపూర్ వెళ్ళిన రోజు పెరట్లో కారుని జాకీ మీద లేపి, ఇటుకలు పేర్చి, షాక్ అబ్సార్బర్ బోల్టులు విప్పి, వెనక స్ప్రింగులు రెండూ లాగేశాం. సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని జాముల్ దారిలో ఉన్న ఒక వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్ళాం. ఆ షాపాయన మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఏనుగుని తీసుకెళ్ళినా "కహాఁ సే కాట్నా హై?" అని, ఎక్కడ కొయ్యాలో మాత్రమే అడిగే రకం. గ్యాస్ మంటతో ఒక్కో స్ప్రింగుకి ఒక్కో చుట్టు ఎర్రగా కాల్చి కోసి ఇచ్చాడు. స్ప్రింగు ఉక్కుని అలా కాలిస్తే దాని పౌరుషం పోతుందని ఉక్కు బిడ్డలమైన మా ఇద్దరిలో ఒక్కడికీ తెలియదు. చల్లారాక మళ్ళీ బిగించి, వెనక చతికిలబడ్డ కారుని చూసి సైంటిస్ట్ "రేసింగ్ కార్ లగ్ రహీ హై" అని, అచ్చం రేసు కారులా ఉందని మురిసిపోయాడు. నిజానికది విరేచనాలు పట్టుకున్న గేదెలా ఉంది.

మర్నాడు నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఎనకాల దిగినట్టుందేట్రా?"

"గాలి తగ్గింది నాన్నా."

ప్లాంటు కోక్ ఓవెన్లలో పనిచేసే పక్క క్వార్టరు మావయ్య గోడ మీంచి తొంగిచూసి తీర్పు చెప్పేశాడు. "వయసయిపోనాది బావా. నా నడుం దిగిపోలేదేటి, అలగే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాన్న టైర్లలో గాలి కొట్టించుకొచ్చాడు.

ఆ తరవాత కొద్ది రోజులకే అక్క పెళ్ళయింది, కొత్త అల్లుడు మొదటిసారి మా ఇంటికొచ్చాడు. విజయనగరంలో లెక్చరర్. నెమ్మదైన మనిషి. వాళ్ళ నాన్నగారి జీపు నడుపుతూ అరకు ఘాట్ ఎన్నోసార్లు ఎక్కి దిగినవాడు. సెక్టర్ టూలో ఉన్న పిన్ని అందర్నీ భోజనానికి పిలిచింది. బయల్దేరేముందు నాన్న కారు తాళాలు తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వని కారు అది. ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద మర్యాద లేదు. "నడపండి బాబూ, మీ బండే అనుకోండి."

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు సరికదా, నా స్ప్రింగుల గొప్ప బావకి తెలుస్తుందని లోపల సంబరపడ్డాను. ముందు వాళ్ళిద్దరూ, వెనక అమ్మా, అక్కా, నేనూ, అమ్మ ఒళ్ళో బూరెల గిన్నె. బావ ఎంత నెమ్మదిగా నడిపాడంటే సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. చౌక్ ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద కారు వెనకభాగం ఎగిరింది. పొట్టి స్ప్రింగు గూట్లోంచి జారిపోయింది. బావ స్టీరింగ్ తిప్పుతుండగానే "ఠంగ్" మని శబ్దం వచ్చి, బండి ఒక పక్కకి కూలబడి, తిన్నగా వెళ్ళి పూలతోట ఎక్కి బంతిమొక్కల మధ్య ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బూరెలు మాత్రం బావ మెడ వెనక నుంచి కొత్త చొక్కాలోకి దిగాయి.

సరిగ్గా షిఫ్టు మారే వేళ. క్షణంలో జనం పోగయ్యారు. "ఎవరు నడిపారు?" "అల్లుడట." "కొత్తల్లుడా? అరెరే!" బావ మొహం పాలిపోయింది. "నేను సరిగ్గానే తిప్పాను మావయ్యా... వెనక ఏదో కదిలింది..." అన్నాడు. నాన్న ఆయన భుజం తట్టి "పోన్లెండి బాబూ, మీకు కొత్త బండి కదా" అన్నాడు. ఆ పరామర్శ తిట్టుకంటే ఘోరంగా ఉంది. నేను వెనక చక్రం దగ్గర వంగి చూశాను. స్ప్రింగు కింద పడి ఉంది. దాన్ని బూరెల గిన్నె తెచ్చిన సంచీలో వేసి దాచేశాను. అంతటితో ఆగినా బాగుండేది. చుట్టూ అంతమంది ఉంటే నాలోని హాస్యగాడు నిద్రలేచాడు. "బావగారికి కొండ రోడ్లే అలవాటు. చదును నేల కనపడేసరికి కళ్ళు తిరిగాయి!" అన్నాను.

జనం పగలబడి నవ్వారు. నాన్నా నవ్వాడు. అక్క నవ్వలేదు.

ఆ మాట భిలాయిలో ఆగలేదు. విజయనగరం వెళ్ళింది, శ్రీకాకుళం వెళ్ళింది, పెళ్ళిళ్ళలో పంక్తి భోజనాల దగ్గర వడ్డించారు. బావకి 'చౌక్ అల్లుడు' అని పేరు పడింది. నేనేమో మర్నాడే పాత సామాన్ల దుకాణం నుంచి మంచి స్ప్రింగులు తెచ్చి బిగించేశాను. కారు బాగుచేసిన కొడుకని నాన్న నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను, సిగ్గు లేకుండా.

ఈమధ్య అక్క కూతురు డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకుని మా ఇంటికొచ్చింది. మా అమ్మ దాని బుగ్గ గిల్లి "మీ నాన్నలాగ చౌకెక్కించీకే తల్లీ" అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. తండ్రి వైపు చూసింది. ఆయన చేతిలో పేపరుంది, కానీ చదవడం లేదు. నాకు అన్నం సయించలేదు. అక్కడికక్కడే మొత్తం చెప్పేశాను, కోసిన చుట్టుతో సహా.

ఎవరూ నమ్మలేదు. "బావని ఎనకేసుకొచ్చినావులే, మంచోడివి" అంది అమ్మ. నాన్నకైతే కోపమే వచ్చింది. "నా బండి స్ప్రింగు కోస్తే నాకు తెలీదేట్రా? జీవితమంతా ఇనుం చూసినోణ్ణి! గాలి తగ్గిందన్నది నువ్వే కదా!" ఇరవై ఏళ్ళ కిందటి నా అబద్ధాన్నే సాక్ష్యంగా నిలబెట్టి నన్ను అబద్ధాలకోరుని చేశాడు. నా తెలివికి తగ్గ శాస్తి.

చేతులు కడుక్కోడానికి బయటికొస్తే బావ వరండాలో నిలబడి ఉన్నాడు.

"నా చేతిదే పొరపాటనుకున్నానోయ్. ఆ తరవాత ఘాట్ రోడ్డు ఎక్కలేదు. మీ అక్క అరకు తీసుకెళ్ళమంటే బస్సులోనే తీసుకెళ్ళేవాణ్ణి."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన చెయ్యి చాపాడు. "తాళాలియ్యి."

ఇచ్చి పక్కన ఎక్కి కూర్చున్నాను. ఆయన నా కారుని గేటు దాటించి, స్పీడ్ బ్రేకర్లన్నిటినీ ఒక్కొక్కటిగా పలకరిస్తూ ఆ పాత చౌక్ దాకా తెచ్చి, పూలతోట చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఇంటిదారి పట్టకుండా మళ్ళీ తిప్పాడు. వెనక మోటార్‌సైకిల్ మీద ఒక కుర్రాడు హారన్ మోగించి "అంకుల్, ఘర్ జాకే ఘూమో!" అని, ఇంటికెళ్ళి తిరగమని అరిచాడు. బావ కిటికీలోంచి చెయ్యి ఊపి మూడో చుట్టు మొదలుపెట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, పెదవుల మీద మాత్రం నవ్వుంది.

అమ్మ ఫోను చేసింది. "ఎక్కడికెళ్ళీపోనార్రా? ఎవరు నడుపుతున్నారు?"

"బావగారమ్మా."

"నువ్వు బెల్టెట్టుకున్నావా?"

పెట్టుకున్నాను. పైనున్న పిడిని రెండు చేతులతోనూ పట్టుకున్నాను కూడా, మోకాలి నొప్పి, నెరిసిన మీసం, పొట్టతో సహా. మలుపుల్లో పులిలా తిరగాలనుకున్న ఆ కుర్రాడు ఇప్పుడు నన్ను చూస్తే ఎంత వెక్కిరిస్తాడో అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. "బావగారూ, ఇంకాస్త నెమ్మదిగా" అన్నాను.